అత్త అడిగిన తెలుపు

మిర్యాలగూడ
3 ఏప్రిల్ 2025

పద్మమ్మత్తకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. ఫోన్‌లో నేను ఏ మాట ఎత్తినా నువ్వు సగంలోనే నవ్వుతావు. ఆ నవ్వు చెవిన పడగానే నాకు మళ్లీ ఆరేళ్లు వస్తాయి, అనాలనుకున్నది మింగేస్తాను. కాగితం మీద నువ్వు ఎంత నవ్వినా నాకు వినపడదు.

నిన్న నీ కొడుకు నగేష్ బావ కోదాడ నుంచి మా షాపుకు వచ్చాడు. నీ రిటైర్మెంట్ ఫంక్షన్ ఈ నెల ముప్పైన సూర్యాపేటలోనట. చుట్టుపక్కల అంగన్‌వాడీ టీచర్లంతా వస్తారట. హాలు గేటుకు పెద్ద ఫ్లెక్సీ, స్టేజి మీద చదివి నీ చేతికిచ్చే సన్మాన పత్రం, రెండూ నేనే చేయాలట. "మన ఇంట్ల ఎమ్మే తెలుగు నువ్వొక్కదానివే. అమ్మ గురించి నీకంటె మంచిగ ఎవరు రాస్తరు?" అన్నాడు. నిజమే, ఎవరూ రాయలేరు.

నా పని సంగతి నీకు తెలియదు. "ఎమ్మే చదివి ఫ్లెక్సీల షాపుల కూసుంది" అని ఊరందరికీ చెప్పావు గాని, కూర్చుని ఏం చేస్తున్నానో అడగలేదు. ఓణీల ఫంక్షన్లకు ఫోటోలు వస్తాయి. పిల్ల వెనక కోట పెడతాం, పక్కన హంసలు పెడతాం, తలమీద కిరీటం పెడతాం. ఇంక మిగిలింది ముఖం. తల్లి నా కుర్చీ వెనక నిలబడి "జర కలర్ పెంచు బిడ్డా" అంటుంది. కంప్యూటర్‌లో ఒక గీత ఉంటుంది, దాని మీద చిన్న బొత్తం. కుడికి లాగితే ముఖం తెల్లబడుతుంది. "ఇంక జర" అంటుంది తల్లి. పిల్ల పక్కనే ఉంటుంది. తన ముఖం తనది కాకుండా పోవడం రెప్పవేయకుండా చూస్తుంది. మొన్న హుజూర్‌నగర్ నుంచి వచ్చిన పిల్ల ఒకతి నన్ను మెల్లగా అడిగింది: "అక్కా, ఫంక్షన్ల నేను గీ ఫ్లెక్సీ పక్కకు నిలబడకుంటే మంచిదా?" మా షాపు సోమయ్య సేటు నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ బొత్తం లాగిన ప్రతిసారీ నాకు నీ గొంతు వినబడుతుంది. ఎండకాలం సెలవుల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక చాప పరిచి, మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పేదానివి. మంచి రాణి దబ్బపండులా ఉండేది. సవతి రాణి కాకిలా ఉండేది. రాక్షసి నలుపు, మంత్రగత్తె నలుపు, దొంగ దాసి నలుపు. నలుపన్నప్పుడల్లా వేలు నావైపు తిప్పేదానివి, "మన ఉమ లెక్క" అని. పగబట్టి తిప్పలేదని తెలుసు. చేతికి అందుబాటులో ఉన్నానని తిప్పావు. అదే నాకు ఎక్కువ మంట.

ఒక కథలో నల్ల రాజకుమారి పాలగుండంలో మూడు మునకలేసి బంగారు రంగులో పైకి వస్తుంది. అప్పుడు గాని రాజు ఆమె ముఖం చూడడు. అది విన్న మర్నాడు మా నాయన బర్రెపాలు క్యానులో పోసి, పాలకేంద్రానికి పోవడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను మూత తీసి తల ముంచాను. ఒకటి. రెండు. మూడోసారి నాయన జుట్టు పట్టి లేపాడు. ఆ దెబ్బలు మర్చిపోయాను. నువ్వు వచ్చి, నా గడ్డం పట్టి, ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక రెండు క్యాన్లు గావాలె బీరన్నా" అన్నావు. అది మర్చిపోలేదు. మర్చిపోనిచ్చావా? పద్దెనిమిదేళ్లుగా ప్రతి పెండ్లిలో, ప్రతి పండుగలో ఆ మాట చెప్పి నలుగురిని నవ్వించావు.

కాబట్టి రాస్తాను. షాపులో ఊరూరి పెద్దమనుషులకు అబద్ధాలు రాస్తాను. నీ ఒక్కదానికి మాత్రం నిజం రాస్తాను. మైకులో చదివిస్తాను.

నీ వేలికి ఎప్పుడూ దొరికిన,
ఉమారాణి

*

గరిడేపల్లి
9 ఏప్రిల్ 2025

ఉమకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకొని పోస్టాయన నడివాడల నిలబడి "టీచరమ్మా, గవర్నమెంటు కాగితమా" అని కేకేసిండు. మా ఉమ రాసింది అని చెప్పిన, గర్వంగనే. ముప్పై ఎనిమిదేండ్లు రిజిస్టర్లు రాసిన చేయి నాది, జవాబు రాసుడు నాకొక పనా. నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. పాలక్యాను కాడికి వచ్చేవరకు నవ్వు ఆగలే, అబద్ధమెందుకు.

అయితే బిడ్డా, నీ కోపం దేనిమీదనో నాకు ఎరుకైంది. నగేష్ పెండ్లప్పుడు నువ్వు ఇంటర్ల ఉన్నవ్. మేనరికం గదా, మీ నాయన నోరు తెరిచి ఒక్కమాట అడిగిండు, చదువైనంక చేసుకుందామని. నేనే వద్దన్న. కోదాడ పిల్ల భాగ్య పచ్చగుంటది, పుట్టేటోళ్లు తెల్లగ పుడతరనుకున్న. నీ చదువు చెడొద్దని గూడ అనుకున్న, అదీ నిజమే. ఆ సంగతి నీకెవలో ఎక్కిచ్చిండ్రు, అందుకే ఇంత మంట. ఇప్పుడు సూడు, మౌనిక పుట్టింది. భాగ్య రంగు జరంత గూడ రాలే. అచ్చం నీ రంగే. దేవుడు నన్ను జూసి నవ్విండు. ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు.

కథలు నేను పుట్టియ్యలే. మా అమ్మ నాకు చెప్పింది, నేను మీకు చెప్పిన. గోడకు తగిలిచ్చే చార్టు ఆఫీసు నుంచి వస్తది, దాంట్ల రాణి తెల్లగనే ఉంటది. నల్లరాణి చార్టు ఎన్నడన్న పంపిండ్రా? మౌనిక శనాదివారాలు నా దగ్గరనే ఉంటది. ఐదేండ్లు గూడ నిండలే, పాలగుండం కథ మళ్లమళ్ల చెప్పిచ్చుకుంటది. "చిన్నమ్మ నిజంగనే మునిగిందా" అని అడుగుతది. నిజమే అని చెప్పిన.

ఇంకొక మాట. నగేష్ ఇచ్చిన ఫోటో మోతె మండలం మీటింగుల దిగింది. మిట్టమధ్యాహ్నం ఎండల నిలబెట్టి తీసిండ్రు, మాడిన రొట్టె లెక్క ఉన్న. సూర్యాపేటకు అంతమంది వస్తరు. ఫ్లెక్సీల జర తెల్లగ చేయి బిడ్డా. నీ చేతిల పనే గదా.

మీ నాయన మంచిగున్నడు. గొర్లకు మేత లేక జర పరేషాన్ అయితున్నడు, అంతే.

అత్త పద్మమ్మ,
అంగన్‌వాడీ టీచర్, ఇంక ఇరవై ఒక్క రోజులే

*

మిర్యాలగూడ
13 ఏప్రిల్ 2025

అత్తా,

నగేష్ బావ నాకు ఎన్నడూ అక్కరలేదు. మంచివాడే. కానీ అతను పులుసన్నం తినే చప్పుడు విన్న మరదళ్లెవరూ అతన్ని చేసుకోరు. భాగ్యక్క ఓపికకు దండం.

మా నాయన అడిగాడన్నది గాని, నువ్వు కాదన్నది గాని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. ఎవరూ ఎక్కించలేదు. నువ్వే చెప్పావు, నన్ను బుజ్జగిస్తున్నాననుకుని. ఆ ఏడాది నాయన నీ ఇంటి ముందు నుంచి కాకుండా చెరువుకట్ట చుట్టూ తిరిగి ఎందుకు పోయేవాడో ఇప్పుడు తెలిసింది. నాకు తెలియకుండా నా రంగు మీద పంచాయితీ పెట్టి, తీర్పు కూడా చెప్పేశారన్నమాట. నాకు అక్కరలేని సంబంధమే అయినా, కాదనే హక్కు నాది. దాన్ని కూడా నువ్వే వాడేసుకున్నావు.

కథలు నువ్వు పుట్టించలేదు, ఒప్పుకుంటాను. వేలు మాత్రం నీదే. చార్టుకు వేళ్లుండవు.

బాలల దినోత్సవం గుర్తుందా? నన్ను రాక్షసిని చేశావు. గౌరీబాయి ఆయా మసి నూరి గిన్నెలో తెచ్చింది. "మసి దండుగ, ఉమకు అక్కరలేదు" అన్నావు. మండలం నుంచి వచ్చిన మేడం కూడా నవ్వింది. నాకు మొదటి బహుమతి వచ్చింది. ఏమిచ్చావు? పౌడరు డబ్బా.

సూర్యాపేట కాలేజీలో గ్రూపు ఫోటో అంటే వెనక వరసలో తలల మధ్య దూరేదాన్ని. ఎమ్మే ఫస్టు క్లాసులో పాసై, కోదాడలో ఒక ప్రైవేటు స్కూలుకు టీచరు ఇంటర్వ్యూకు పోయాను. బయట బెంచీ మీద నాతోపాటు నలుగురు కూర్చున్నారు, నాకంటే తెల్లనివాళ్లు. నా పేరు పిలిచారు. నేను లేచి గేటు దాటి బస్సెక్కాను. నన్ను ఎవరూ వద్దనలేదత్తా. వాళ్లు అనేలోపే నీ గొంతు నాలోంచి అనేసింది. అందుకే స్క్రీన్ వెనక కూర్చునే పని వెతుక్కున్నాను.

సన్మాన పత్రం మొదటి పేరా పంపుతున్నాను. అచ్చుతప్పులుంటే చెప్పు.

"మహోదయా! ముప్పది యెనిమిది వత్సరములు గరిడేపల్లి చిన్నారులకు అక్షరములకన్న ముందే అద్దమును పరిచయము చేసిన గురుమూర్తి మీరు. మీ కథలలో నల్లని బాలిక ఒక్కతెయు బ్రతికి బట్టకట్టలేదు. బ్రతికినది తెల్లబడిన పిదపనే బ్రతికినది. మేనకోడలు పాలలో మునిగినపుడు ఇంకను రెండు క్యానులు కావలెనని సెలవిచ్చిన మీ హాస్యచతురత, కోడలి యెంపికలోను చెక్కుచెదరని మీ వర్ణదృష్టి ఈ ప్రాంతమునకే తలమానికములు."

ఇంకా మూడు పేరాలున్నాయి. మంచి మైకు పెట్టమని బావకు చెప్పాను.

రాక్షసి పాత్రలో ప్రథమ బహుమతి గ్రహీత,
ఉమారాణి

*

గరిడేపల్లి
18 ఏప్రిల్ 2025

ఉమా,

ఈసారి నవ్వలే.

కాగితం నగేష్ కంట పడొద్దని బియ్యం డబ్బాల దాసిన. అన్నీ నేనన్న మాటలే. ఒక్కటి గూడ నువ్వు కలిపి రాయలే. ఒక్కొక్కటిగ అన్నప్పుడు అవి ముచ్చట లెక్కనే ఉండె. ఒక్కకాడ ఏసి చదివితే భయమైంది.

నేను గూడ నలుపే గదనే. మా అత్తగారింట్ల నన్ను బొగ్గుల బస్తా అని పిలిచేటోళ్లు. కథ చెప్తుంటే అందరు రాణిని సూస్తరు, చెప్పేదాని ముఖం ఎవ్వరు సూడరు. అందుకే చెప్పుడు మరిగిన. నలుపు అనంగనే పిల్లలు నా దిక్కు సూసేటోళ్లు. సూడక ముందే నీ దిక్కు తిప్పేదాన్ని. గిది ఇన్నొద్దులు నాకు గూడ తెల్వది. రాస్తుంటే తెలుస్తుంది.

సూర్యాపేటల చదివియ్యకు. మౌనిక ముందు వరసల కూసుంటది, కొత్త గౌను కొనిచ్చుకుంది. నాకు ఇంకొక ఫంక్షన్ రాదు ఉమా. ఇదే మొదలు, ఇదే ఆఖరు. నువ్వు ఏమంటే అది చేస్త.

అత్త

*

మిర్యాలగూడ
23 ఏప్రిల్ 2025

అత్తా,

సరే. ఆ పేరాలు చించేశాను. షాపులో ఉన్న పాత సన్మాన పత్రమే పేరు మార్చి ముద్రిస్తాను. "పూర్ణచంద్రుని బోలు మోము" అన్న మాట కూడా ఉంటుంది, భయపడకు.

ఫ్లెక్సీ నీ మాట ప్రకారమే చేస్తాను. తెల్లగా చేయమన్నావు. ఆ పనిలో నన్ను మించినవాళ్లు మిర్యాలగూడలో లేరు. ముప్పై పొద్దున బస్సులో వేస్తాను. గేటుకు కట్టేదాకా చుట్ట విప్పొద్దని బావకు చెప్పు, రంగు చెదురుతుంది.

నేను రాను. పెండ్లిళ్ల రోజులు, షాపులో ఊపిరాడడం లేదు.

నువ్వు చెప్పిన మాట జవదాటని,
ఉమారాణి

*

గరిడేపల్లి
3 మే 2025

ఉమా,

నువ్వు ఇడిసిపెట్టినవని అనుకున్న. నగేష్‌కు గూడ చెప్పిన, ఉమ మనసు వెన్న అని.

నేను ఆటో దిగేసరికి గేటు కాడ మంది గుమిగూడి ఉన్నరు. తల ఎత్తి సూసిన. సున్నమేసిన గోడకు కండ్లు పెట్టినట్టు ఒక ఆడామె. ఎర్రటి పెదవులు, తల మీద కిరీటం, వెనక కోట, రెండు దిక్కుల హంసలు. కింద నా పేరు. గౌరీబాయి ఇరవయ్యేండ్లు నాతోటి పనిచేసింది. ఫ్లెక్సీ సూసి, ఇది మనది కాదు ఎవల్దో పెండ్లి అని పక్క హాలుకు పోయి ఆడ టిఫిన్ గూడ తిన్నది. మండలం మేడం ఒకసారి ఫ్లెక్సీని, ఒకసారి నన్ను సూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇగ అందరు మొదలువెట్టిండ్రు. పూర్ణచంద్రుని మోము అని చదివేవరకు హాలు హాలంత నవ్వింది. చదివేటాయన గూడ నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగిండు.

దండల ముఖం దాసుకున్న. ఆ నవ్వు ఈ దిక్కు నుంచి ఎట్లుంటదో మర్సిపోయిన. కథలు చెప్పుడు మరిగినంక నవ్వేటోళ్ల దిక్కే కూసున్న గదా. గెలిసినవ్ బిడ్డా. ఒప్పుకుంటున్న.

కని నువ్వనుకోనిది ఒకటి జరిగింది. ఫ్లెక్సీ విప్పనీకి నగేష్ పోతే మౌనిక దాని కర్ర పట్టుకొని ఇడువలే. "నాయనమ్మ పాలల్ల మునిగిందా?" అన్నది. ఎవలో నవ్వుకుంట "అవునే" అన్నరు. అది స్టేజి మీదికి ఉరికొచ్చి, అందరి ముందట నా కొంగు గుంజి అడిగింది. "నువ్వొక్కదానివే ఎందుకు పోయినవ్? నన్నెందుకు తీస్కపోలే?"

దాని గొంతు మైకుల వడ్డది. అప్పుడు గూడ నవ్విండ్రు.

మౌనిక నాతోటి మాట్లాడతలేదు. నా పక్కకు పండలే. నగేష్ కోదాడ తీస్కపోయిండు. నాకు పడ్డ దెబ్బ సరే, నాకు పడాల్సిందే. దానికి పడ్డది ఎవలు కొట్టింది? నువ్వా, నేనా?

పద్మమ్మ

*

మిర్యాలగూడ
12 మే 2025

అత్తా,

నీకు క్షమాపణ చెప్పను. గౌరీబాయి పక్క హాలులో టిఫిన్ తిన్నదని చదివి పగలబడి నవ్వాను. ఏమైందని సోమయ్య సేటు తన కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆ తర్వాత పేరా చదివాను.

భాగ్యక్కకు ఫోన్ చేసి మౌనికను షాపుకు తీసుకురమ్మన్నాను. నిన్న వచ్చారు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నీ మోతె ఫోటో తెరిచి, దాని చేయి మౌసు మీద పెట్టాను. కుడికి లాగమన్నాను. నువ్వు తెల్లబడ్డావు. ఎడమకు లాగమన్నాను. నల్లబడ్డావు. ఇంకో గీత చూపించాను. ఆకుపచ్చ అయ్యావు, వంకాయ రంగు అయ్యావు. అది ఒళ్లో ఎగిరి ఎగిరి నవ్వింది. పాలు లేవు, గుండం లేదు, నాయనమ్మను తెల్లగా చేసింది నేనే, ఊరికే నవ్వడానికి చేశాను అని చెప్పాను. తల ఊపింది. ఇంత తేలికా అనుకున్నాను.

"ఇప్పుడు నాది పెట్టు చిన్నమ్మా" అంది.

భాగ్యక్క ఫోన్‌లోంచి దాని ఫోటో తీసి పెట్టాను. ఈసారి ఆకుపచ్చ వైపు పోలేదు. తిన్నగా కుడికి లాగింది, గీత చివరిదాకా. చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "గిట్లనే ఉంచు. అమ్మకు పంపు" అంది. భాగ్యక్క ముఖం అటు తిప్పుకుంది.

కరెంటు పోయిందని చెప్పి స్క్రీన్ ఆపేశాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. పిల్ల దాని వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది.

నువ్వు అడిగినదానికి జవాబు: ఇద్దరం కొట్టాం. నువ్వు కథతో, నేను ఫ్లెక్సీతో. కానీ ముందు నువ్వు కొట్టావు కాబట్టి శిక్ష నీకు వేస్తున్నాను. ఏమంటే అది చేస్తానని రాశావు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

సెలవులు అయిపోయేదాకా మౌనికను నీ దగ్గరికి పంపుతామన్నారు. రోజూ మధ్యాహ్నం చాప పరువు. పాత కథలే ఒక్కొక్కటి తీసుకో. నల్లపిల్లను నల్లగానే ఉంచి గెలిపించు. పాలు, గంధం, దేవత వరం ఏవీ పనికిరావు. నువ్వు కట్టిన ముడి నీ పళ్లతోనే విప్పు. పని మధ్యలో ఏడుపొస్తే నాకు రాయకు.

నా వంతు శిక్ష నేను వేసుకున్నాను. కోటలు పెడతాను, హంసలు పెడతాను, ముఖాలు మాత్రం ముట్టనని సోమయ్య సేటుకు చెప్పాను. వారం చూస్తానన్నాడు. కోదాడ స్కూలు వాళ్లు మళ్లీ టీచర్లు కావాలని ప్రకటన వేశారు. పోతానో పోనో.

ఉమారాణి

*

గరిడేపల్లి
21 మే 2025

ఉమకు,

నీ శిక్ష మొదలై ఐదొద్దులైంది. ఏడ్వలే. రాస్తున్నది వేరే సంగతి.

మొదటినాడు నల్లరాణి బావి తవ్వి ఊరికి నీళ్లు తెచ్చిందని చెప్పిన. మౌనిక అంతా విని, "ఎప్పుడు తెల్లగైంది?" అన్నది. కాలే అన్న. "మరి రాజు ఎట్ల సూసిండు?" రాజు రాలే, ఆమెకు పనుండె అన్న. "రాజు రాకుంటే ఓడిపోయినట్టే గద నాయనమ్మా" అని నన్ను జాలిగ సూసింది.

రెండోనాడు రాక్షసిని తెల్లగ చేసిన. "తెల్ల రాక్షసి ఉండది. నువ్వు మర్సిపోయినవ్, నేను చెప్త" అని నన్ను ఊకొట్టుమన్నది. పాత కథ ఒక్కమాట తప్పకుంట చెప్పింది. నా గొంతే. నేను ఆగేకాడనే ఆగింది. దాసి వచ్చేకాడ, ఎవ్వరు అడగకముందే, "దాసిని నేను" అన్నది. నీ పత్రం మైకుల చదివిచ్చినా గంత నొప్పి కాకపోవు. ముప్పై ఎనిమిదేండ్లల ఎంతమంది పిల్లలు నా చాప మీద కూసున్నరో ఒక్కొక్కల ముఖం యాదికొచ్చింది.

మూడోనాడు, నాలుగోనాడు గట్లనే అయింది. నేను చెప్పుడు, అది తప్పని దిద్దుడు.

నిన్న కథ సగంల లేచి వాకిట్లకు పోయి కోళ్లను తరుముకుంట ఆడవట్టింది. చాప మీద నేనొక్కదాన్నే మిగిలిన. నేనూ లేద్దామనుకున్న. కని సగంల ఇడిస్తే దాని చెవుల పాతదే ఉంటది. గొంతు పెంచి, వాకిట్లకు వినవడేటట్టు, నల్లరాణి కోట తలుపు తీసి లోపలికి పోయేదాక చెప్పిన. ఎదురింటామె వచ్చి ఎవలితోటి మాట్లాడుతున్నవ్ టీచరమ్మా అని అడిగింది. మౌనిక వెనక్కి తిరిగి సూడలే.

నీ పగ మంచిగ పనిచేస్తుంది బిడ్డా. అన్నం తినంగనే మళ్ల చాప పరుస్త.

అత్త పద్మమ్మ